చుక్కల పడవకు పెద్దబాపు పెట్టిన మాటలు

పోయిన నెల మా పెద్దబాపు చనిపోయాడు. సిరిసిల్ల నుంచి ఆయన కొడుకు, మా అన్న, ఫోన్ చేసేసరికి నేను కోరుట్ల బస్టాండులో జగిత్యాల బస్సు కోసం నిలబడి, బడికి ఆలస్యమవుతోందని లోలోపల ఆ బస్సును తిట్టుకుంటున్నాను. "చెల్లే, బాపు పోయిండు" అన్నాడు అన్న. పొద్దున చాయ్ తాగి అరుగు మీద కూర్చున్నాడట. ఖాళీ గ్లాసు కోసం పెద్దమ్మ వచ్చి చూస్తే గోడకు తల ఆనించి ఉన్నాడట. కునుకు తీస్తున్నాడనుకుని ఆమె గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లి కడిగి బోర్లించింది కూడా. అన్న చెబుతుండగానే జగిత్యాల బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నేను సిరిసిల్ల దారిలో పోయే వేములవాడ బస్సు ఎక్కాను.

మా వైపు నాన్నను బాపు అంటాం, నాన్నకు అన్న అయితే పెద్దబాపు. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయాలని కూర్చున్నాను. రాయదగ్గవి చాలానే ఉన్నాయి. కానీ ఆ రోజు బస్సు చందుర్తి దాటేదాకా నాకు ఏడుపు రాలేదు. అప్పుడు ఆయనకు నేను తీసుకుపోయి ఇచ్చిన ఒక నవల గుర్తొచ్చింది. పుస్తకం ఇవ్వడం కూడా తప్పేనా అని మీరు అడగవచ్చు. అప్పటినుంచి నన్ను నేను అడుగుతున్నదీ అదే.

సిరిసిల్లలో మా ఇంటి ముందు భాగమంతా సాంచలే ఉండేవి. కరెంటుతో నడిచే మగ్గాలను మేం సాంచలంటాం. పెద్దబాపు, మా బాపు కలిసి వాటిని నడిపేవారు. వెనక ఉన్న గదుల్లో మేమంతా ఉండేవాళ్లం. ఆ చప్పుడు ఎట్లా ఉంటుందో అందులో బతకనివాళ్లకు చెప్పడం కష్టం. చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా సగం మాటే అందుతుంది. అందుకని సాంచల మీద పనిచేసేవాళ్లు అరవరు. గొంతు లేకుండా పెదవులు మాత్రం కదిలిస్తారు, ఎదుటివాళ్లు చూసి తెలుసుకుంటారు. పోగు తెగిందన్నా, నూలు కండెలు అయిపోయాయన్నా, ఫలానావాళ్ల బిడ్డకు సంబంధం కుదిరిందన్నా అన్నీ అట్లాగే. ఒక్క గొంతూ లేవకుండా పెద్ద పెద్ద కొట్లాటలు జరిగిపోవడం నా చిన్నప్పుడు చూశాను.

వాడలో ఈ విద్య అందరికీ ఎంతో కొంత వచ్చు. పెద్దబాపుకు వచ్చినంతగా ఎవరికీ రాదు. రోడ్డుకు అవతలి షెడ్డులో, కిటికీ ఊచల వెనక ఎవరేం మాట్లాడుకుంటున్నారో ఇక్కడ నిలబడి చెప్పేవాడు. ఆ విద్యంటే ఆయనకు గర్వం. ఎంత గర్వమంటే, చెప్పకూడనివి కూడా చెప్పి ఇద్దరు ముగ్గురికి తగాదాలు పెట్టేవాడు. పెద్దమ్మ తిడితే, "వాండ్లు అన్నదే చెప్పిన, నేనేమన్న కలిపిన్నా?" అనేవాడు. ఒక్క మాట కలపనని, ఒక్క మాట తీసెయ్యనని ఆయన నమ్మకం.

చెవులు పోతున్న సంగతి ఆయనకే తెలియలేదు. వాటితో ఆయనకు పెద్దగా పని పడకపోవడమే కారణం. మాకు తెలిసేసరికి ఇంచుమించు పూర్తిగా పోయాయి. జగిత్యాలలో డాక్టరుకు చూపించి మిషన్ పెట్టించాం. దాన్ని కొద్దిరోజులు పెట్టుకుని, తీసి అంగీ జేబులో వేసుకున్నాడు. పెట్టుకుంటే మళ్లీ సాంచల నడుమ నిలబడ్డట్టే ఉందని ఫిర్యాదు. ఇంతకాలానికి చెవులకు రికాం, కాస్త విశ్రాంతి, దొరికితే మీరెందుకు చెడగొడతారని మా మీద విసుక్కున్నాడు. ఆయనతో మాట్లాడాలంటే ఆయన మన గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురు వైపు తిప్పుకునేవాడు. పిల్లలనే కాదు, ఇంటికి వచ్చిన పెద్దవాళ్లను కూడా. "మొకం వెల్తురుకు పెట్టు బిడ్డా. చీకట్ల మాట్లాడితే నాకెట్ల వినపడ్తది?" అనేవాడు. ఆ వేళ్లు గరుకుగా ఉండేవి, వాటి నుంచి నూలు వాసన వచ్చేది.

నా పెళ్లినాడు భోజనాల దగ్గర ఆయన పందిరికి ఆ చివరన నిలబడి ఉన్నాడు. కోరుట్ల నుంచి వచ్చిన మా అత్తగారి వైపు పెద్దమనుషులు ఇద్దరు ఈ చివరన కూర్చుని, కూర కారం మండిపోతోందని, అడిగితే బాగుండదని చెవులు కొరుక్కుంటున్నారు. అంతలోనే వాళ్ల ముందు పెరుగు గిన్నె దిగింది. వాళ్లిద్దరూ బిత్తరపోయారు. ఇప్పటికీ కోరుట్లలో మావాళ్లు సిరిసిల్లకు బయలుదేరుతుంటే, ఆ పెద్దమనిషి ముందు నోరు మెదపకండని ఒకరికొకరు చెప్పుకుని నవ్వుకుంటారు.

ఇక సీరియల్ సంగతి. నేను హైస్కూలుకు వచ్చిన కొత్తలో ఆదివారం పొద్దున టీవీలో ఒక విదేశీ సైన్స్ సీరియల్ తెలుగులో వచ్చేది. చుక్కల మధ్య తిరిగే ఒక పెద్ద ఓడ, అందులో మనుషులు, మనుషుల్లాంటివాళ్లు. దానికి నోరు తిరగని పేరేదో ఉంది కానీ మా వాడ పిల్లలందరికీ అది చుక్కల పడవ. మా ఇంట్లో ఆదివారమూ సాంచలు ఆగేవి కావు. టీవీ ఉన్న గదికీ సాంచలకూ మధ్య ఒక్క గోడే అడ్డం. ఎంత గొంతు పెంచినా టీవీ నుంచి ఒక్క మాట మాకు వినిపించేది కాదు. మేం బొమ్మలు చూసేవాళ్లం. పెద్దబాపు గడపలో నిలబడి, ఒక కన్ను సాంచల మీద, ఒక కన్ను టీవీ మీద పెట్టి చూసేవాడు.

సీరియల్ అయిపోయిన కాసేపటికి కరెంటు కోత. సాంచలన్నీ ఒక్కసారి ఆగిపోయేవి. అప్పుడు పెద్దబాపు చేతులు కడుక్కుని, మడతపెట్టిన గుడ్డ తాన్ల మీద కూర్చుని, ఆ వారం ఎవరు ఏమన్నారో మాకు చెప్పేవాడు. మా ఇంటి పిల్లలం, పక్కిళ్ల పిల్లలు, చేతులు తుడుచుకుంటూ వచ్చి గోడకు ఆనుకునే ఆయన షెడ్డు దోస్తులు, అందరం వినేవాళ్లం. కరెంటు వచ్చేలోపు చెప్పాలి కాబట్టి ఎక్కడా నీళ్లు నమలకుండా చెప్పేవాడు.

ఆ ఓడను నడిపే అతన్ని ఆయన మేస్త్రి అనేవాడు. ఇనుప ముఖం ఉన్నవాడు ఓడలో వంటవాడు, మాట తక్కువ, చేతి రుచి ఎక్కువ. అప్పుడప్పుడు గోడమీది అద్దంలో కనిపించి కోపంగా మాట్లాడే నీలం రంగు ఆడమనిషి పేరు నీలవ్వ. ఆమె మేస్త్రికి సొంత చెల్లెలు, ఎక్కడో దూరపు చుక్క మీదికి పెళ్లి చేసి ఇచ్చారు. ఒక ఆదివారం మేస్త్రి, నీలవ్వ ఎదురెదురుగా చాలాసేపు వాదులాడుకున్నారు. ఆ పూట కరెంటు కోతలో పెద్దబాపు చెప్పింది ఇది: బతుకమ్మ పండుగకు పుట్టింటికి తోలుకపోవడానికి అన్న రాలేదని నీలవ్వ అడుగుతోంది. ఇంతమందిని మోసుకుని తిరుగుతున్నావు, నన్ను ఒక్కదాన్ని తీసుకుపోవడానికి నీ పడవలో జాగా లేదా అంటోంది. మేస్త్రి తల వంచుకున్నాడు. తర్వాత ఓడను మలిపాడు. ఆ మలుపు మేం కళ్లారా చూశాం కదా, నిప్పులు చిమ్ముతూ ఓడ వెనక్కి తిరిగింది. పిల్లాడిని తీసుకుపోదామని వచ్చిన పక్కింటి చిన్నమ్మ గడపలోనే నిలబడి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆమె కూడా ఆ ఏడాది పుట్టింటికి పోలేదు.

ప్రతి వారం చివరన మేస్త్రి పెద్ద కిటికీ ముందు నిలబడి, బయటి చీకటిని చూస్తూ ఒకే మాట అనేవాడు. అది మాకూ నోటికి వచ్చేసింది. "గీ బీము దిగినంక ఇంటికి పోదాం." సాంచ వెనక నూలు చుట్టి ఉండే లావుపాటి దూలం బీము. దానిమీది పోగంతా గుడ్డగా నేసి అది ఖాళీ అయితే బీము దిగిందంటారు. అది దిగేదాకా నేసేవాడికి కాలు బయటపడదు. చుక్కల మధ్య తిరిగే ఓడలో బీము ఎందుకుంటుందని మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. బీము లేని ఇల్లు మేమింకా చూడలేదు.

తర్వాత నేను చదువుకుని జగిత్యాలలో ఒక బడిలో సైన్సు టీచరునయ్యాను. గ్రహాల పాఠం వస్తే నాకు ముందు ఆ తాన్లే గుర్తొస్తాయి. ఆకాశం అంటే పిల్లలకు భయం కాకుండా బంధుత్వంగా చెప్పడం నాకు వచ్చిందంటే అది ఆ కరెంటు కోతల్లో వచ్చిందే. చివరి బెంచీవాళ్లు గుసగుసలాడితే నాకు తెలిసిపోతుంది. ఎట్లా తెలిసింది టీచర్ అని వాళ్లు ఆశ్చర్యపోతారు. అదీ ఆయన ఇచ్చిందే.

నిరుడు జగిత్యాలలో పెట్టిన పుస్తకాల ప్రదర్శనలో ఆ ఓడ నాకు మళ్లీ కనిపించింది, ఒక నవల అట్ట మీద. ఆ సీరియల్ ఆధారంగా ఎవరో రాసిన నవలకు తెలుగు అనువాదం. అక్కడ ఇంకే పుస్తకమూ చూడకుండా అది తీసుకుని బస్సెక్కాను. కోరుట్ల చేరేలోపే నా ఉత్సాహం నీరుగారిపోయింది. అందులో మేస్త్రి లేడు. ఛాతీ మీద పతకాలు ఉన్న ఒక సేనాధిపతి ఉన్నాడు, పేజీకొక ఉపన్యాసం ఇస్తాడు. ఇనుప ముఖంవాడు వంట చేయడు, చచ్చినవాళ్ల లెక్క చెబుతాడు. నీలవ్వ శత్రు గ్రహానికి రాణి. అన్నాచెల్లెళ్ల ముచ్చటే లేదు. సగం పుస్తకం ఆయుధాల వర్ణన, మిగతా సగం ఆయుధాలు పేలడం. ప్రతి అధ్యాయం చివర సేనాధిపతి కిటికీ ముందు నిలబడి "తదుపరి లక్ష్యానికి సిద్ధం కండి" అంటాడు.

నాకు ఒళ్లు మండింది. సీరియల్ ఒక్క వారమైనా చూడనివాడు రాసిన పుస్తకమని స్టాఫ్‌రూములో కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పాను. వాళ్లలో చాలామందికి ఆ సీరియలే గుర్తు లేదు, మర్యాదకు తలూపారు. అది నాకు చాలలేదు. నాతో సమానంగా మండిపడే మనిషి ఒకరు కావాలి. అట్లాంటి మనిషి నాకు లోకంలో ఒక్కరే ఉన్నారు.

సైన్సు టీచరునే కదా, ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే సరిపోయేది. ఆలోచించలేదు. ఆయన చెప్పింది తప్పయి ఉండవచ్చనే ఊహ నా తలకాయలోకి ఏ దారినా రాలేదు. పుస్తకం సంచిలో పెట్టుకుని సిరిసిల్లకు వెళ్లి ఆయన చేతిలో పెట్టాను. మన చుక్కల పడవను ఎట్లా ఆగం చేశాడో చదివి చూడు అని, ఒక్కొక్క మాట పెదవుల మీద స్పష్టంగా పలికి మరీ చెప్పాను. ఆయన మురిసిపోయాడు. అద్దాలు లుంగీ అంచుతో తుడుచుకుని, అట్ట మీది ఓడను బొటనవేలితో రుద్దాడు. ఏ గుడ్డ చేతికొచ్చినా అట్లాగే రుద్ది చూసేవాడు.

చాలా రోజులు చదివాడట. వేలు పెట్టి, వరుస వదలకుండా. వానలు పడుతున్న రోజుల్లో నేను మళ్లీ వెళ్లేసరికి పుస్తకానికి శుభ్రంగా గుడ్డ చుట్టి అల్మారాలో పెట్టి ఉంది. ఆయన నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని అన్నాడు.

"బిడ్డా, గీ పుస్తకమాయన తప్పు రాయలేదేమో. నేనే తప్పు జూసిన్నేమో."

నాకు నవ్వొచ్చింది. నువ్వు తప్పు చూడడమేంటని కొట్టిపారేసి, ఇప్పుడే రుజువు చేస్తానని ఫోన్ తీశాను. ఆ పాత సీరియల్ తెలుగు ముక్కలు ఎవరో నెట్‌లో పెట్టి ఉంటారని తెలుసు. వెతికితే నీలవ్వ వాదులాడిన ఆ వారమే దొరికింది. ఇద్దరి మధ్యా ఫోన్ పెట్టి నడిపించాను. మా ఇంట్లో సాంచలు ఇప్పుడు లేవు. ఎప్పుడో నష్టం వచ్చి పాత ఇనుము కింద అమ్మేశారు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆ సీరియల్‌లోని మనుషుల గొంతులు నేను నా జీవితంలో మొదటిసారి వినడం అదే.

నీలవ్వ ఓడను అప్పగించమంటోంది, లేకపోతే ఒక్కరినీ మిగల్చనంటోంది. మేస్త్రి తల వంచి ఆయుధాలు సిద్ధం చేయమని పక్కవాళ్లకు చెబుతున్నాడు. నిప్పులు చిమ్ముతూ ఓడ తిరిగింది కాల్చడానికి. నవలలో ఉన్నది ఉన్నట్టుగా వినిపించింది. నేను స్టాఫ్‌రూములో తిట్టిపోసిన ఆ రచయిత సీరియల్‌ను నాకంటే బాగా చూశాడు.

తలెత్తేసరికి పెద్దబాపు ఫోన్ చూడడం లేదు. నన్ను చూస్తున్నాడు.

"ఏమంటున్నది?" అని అడిగాడు.

"నువ్వు చెప్పిందే పెద్దబాపూ. బతుకమ్మకు తోల్కపోలేదని అడుగుతున్నది" అన్నాను.

ఆయనకు చెప్పేటప్పుడు ఎట్లా చెప్పాలో నాకు పుట్టుకతో వచ్చు, పెదవులు అట్లాగే కదిలించాను. ఆయన నా గడ్డం పట్టుకోలేదు. ముఖం వెలుతురుకు తిప్పుకోలేదు. "సరే బిడ్డా" అని లేచి, వాన తగ్గిందో లేదో చూడటానికి వాకిట్లోకి వెళ్లాడు.

తిరుగు బస్సులో మంచి పనే చేశానని నాకు నేను చెప్పుకున్నాను. ముసలి మనిషి మనసు కష్టపెట్టలేదు కదా. కానీ నేను అబద్ధమాడింది పెదవులతో మాత్రమే. ఫోన్ నుంచి తలెత్తినప్పుడు నా ముఖం ఎట్లా ఉందో నేను చూసుకోలేదు. ఆయన చూశాడు.

తర్వాత పెద్దమ్మ ఫోన్లు మొదలయ్యాయి. "ఏమైందో ఏమో, అన్నం తిందువు రా అంటె ఏమన్నవ్, ఏమన్నవ్ అని మల్ల మల్ల అడుగుతుండు. నేనన్నది కాయితం మీద రాసియ్యమంటుండు" అని ఆమె బాధ. చెవి మిషన్ ఉండే జేబులో ఇప్పుడు పెన్ను, కాగితం ముక్కలు. ఎవరైనా వచ్చి పలకరిస్తే వాళ్ల ముఖం చూడకుండా పెద్దమ్మ వైపు తిరిగి, నాకు ఎరుక లేదు, ఆమెను అడుగుమనేవాడట. రాయికల్‌లో మా చుట్టాల ఇంట్లో నిశ్చితార్థానికి నేనూ వెళ్లాను. అంతమంది మనుషుల్లో ఆయన గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఒకప్పుడైతే పందిరికి ఆ చివరన నిలబడి అందరి ముచ్చట్లూ ఏరుకునేవాడు. మావాళ్లు వయసు మీద పడిందన్నారు.

అసలు సంగతి నాకు ఆలస్యంగా వెలిగింది. ఆ సీరియల్ తెలుగుది కాదు కదా. వాళ్లు మాట్లాడింది వేరే భాష, తెలుగు గొంతులు తర్వాత అతికించినవి. సాంచల చప్పుడులో మాకు ఆ గొంతులూ వినపడలేదు, ఆయన చూసిన పెదవులూ తెలుగువి కావు. అందులో ఆయన తప్పేమీ లేదు. పెదవులు చదవడంలో ఎంత ఆరితేరినవాడైనా అక్కడ చదవడానికి ఏమీ లేదు. ఈ మాట పట్టుకుని, సెలవు దొరకగానే పరుగున సిరిసిల్లకు పోయాను. కొంత కాగితం మీద రాసి, కొంత నోటితో చెప్పి, ఆయనకు అర్థమయ్యేదాకా వదల్లేదు.

ఆయన కాగితం మళ్లీ ఒకసారి చదువుకున్నాడు. "అయితె మేస్త్రికి తెలుగు రాదా?" అన్నాడు.

రాదన్నాను. పెద్దబాపు నవ్వాడు. ఎన్నో నెలల తర్వాత నవ్వాడని పెద్దమ్మ గడపలోకి వచ్చి చూసింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"మరి పోరగాండ్లకు అబద్ధం చెప్పిన గదనే. వాండ్లన్నదే చెప్తున్న, ఒక్క ముచ్చట కలుపలే అనుకుంట చెప్పిన. మీరు నమ్మి కూసున్నరు."

అంటే ఆయన కుమిలిపోతున్నది పుస్తకం గురించి కాదు, మా గురించి. ఎదురుగా కూర్చుని నోరు తెరుచుకుని విన్న పిల్లల ముందు తాను దోషినైపోయానని. నేను ఆయన చెయ్యి తీసుకుని, నా గడ్డం మీద నేనే పెట్టుకుని, ముఖం కిటికీ వెలుతురుకు తిప్పాను.

"నీ కథనే మంచిగుంది పెద్దబాపూ. గా పుస్తకం ఏం బాగలేదు. మాకు నీదే కావాలె."

నా జీవితంలో ఇంతకంటే నిజమైన మాట నేను ఎవరితోనూ అనలేదు. ఆయన నా పెదవులు చూశాడు, కళ్లు చూశాడు. తర్వాత వేళ్లు మెల్లగా తీసుకుని, "సరే బిడ్డా" అన్నాడు. వాన రోజు అన్న సరే, ఈ సరే ఒక్కలాగే ఉన్నాయి. ఆ రోజు నేను అబద్ధం చెప్పకుండా ఉంటే ఈ రోజు నమ్మేవాడేమో. ఈ 'ఏమో' దగ్గరే నేను ఇప్పటికీ ఆగిపోయి ఉన్నాను. అదే ఆయన్ను నేను చివరిసారి చూడటం.

పుస్తకం వల్ల ఆయన పోయాడని నేను అనడం లేదు. ఆయనది పెద్ద వయసు, మంచాన పడకుండా, చాయ్ తాగి, హాయిగా పోయాడని అందరూ అంటున్నారు, నిజమే. పెద్దమ్మకు ఇదంతా చెప్పి ఏడిస్తే, "ఆయనకేందే, మంచిగ బతికిండు, నువ్వు ఫికర్ జెయ్యకు" అని నన్నే ఓదార్చింది. కానీ ఆ చివరి నెలల్లో ఆయన కట్టుకున్న మనిషి పెదవులను కూడా నమ్మలేక కాగితం చేతికిచ్చాడు. అది నేను చేసిన పనే. కథ బాగాలేదని కోపం తెచ్చుకునే హక్కు నాకుంది, ఆ కోపాన్ని పంచుకోవడానికి ఆయన్ను పట్టుకోకుండా ఉండాల్సింది. పట్టుకున్నాక కనీసం నిజమైనా చెప్పాల్సింది.

అన్న ఫోన్ చేసిన ఆ రోజు నేను ఇల్లు చేరేసరికి వాకిలంతా జనం. ఆయన ముఖం ప్రశాంతంగా ఉంది. కనుబొమల్లో నా చిన్నప్పుడు ఎప్పుడూ కనిపించిన నూలు దుమ్ము ఇప్పుడు లేదని అప్పుడే గమనించాను. మా వాడలో ఒక ఆచారం ఉంది. ఎవరిదైనా పాడె లేచిందంటే, అది వీధి మలుపు దాటేదాకా చుట్టూ ఉన్న షెడ్లలో సాంచలన్నీ ఆపేస్తారు. అట్లాగే ఆపారు. కరెంటు కోత లేకుండా వాడ అంత నిశ్శబ్దంగా ఉండటం అప్పుడు మాత్రమే జరుగుతుంది. నడిచేవాళ్ల చెప్పుల చప్పుడు కూడా వినిపిస్తోంది.

మా వైపు ఆడవాళ్లు మలుపు దాటి పోరు. నేను అరుగు దగ్గరే నిలబడిపోయాను. ఒకప్పుడు కరెంటు కోతల్లో గోడకు ఆనుకుని కథ విన్న ఆయన షెడ్డు దోస్తులు ఇద్దరు, ముసలివాళ్లు, వీధికి ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు నిలబడి ఉన్నారు. కాళ్లు సహకరించక పాడె వెంట పోలేదనుకుంటా. మాట్లాడుకోవాలంటే ఇప్పుడు ఏ చప్పుడూ అడ్డం లేదు. అయినా అలవాటు చొప్పున గొంతు లేకుండా, వీధికి అడ్డంగా, పెదవులతోనే మాట్లాడుకుంటున్నారు. ఒకరు పాడె వైపు చూసి ఏదో అన్నారు. రెండోవారు తలూపి జవాబిచ్చారు. ఎండ సూటిగా వాళ్ల ముఖాల మీద పడుతోంది. నేను చదివాను.

బీము దిగింది. ఇంటికి పోతున్నడు.

వాళ్లు అన్నది అదేనని నేను ఖాయంగా చెప్పలేను. కట్టెల గురించి కావచ్చు, తర్వాత భోజనాల గురించి కావచ్చు. నాలుగడుగులు వేసి అడిగితే తెలిసిపోయేది. అడగలేదు. ఒక మనిషికి అసలు నిజాన్ని నేనే తీసుకుపోయి ఇచ్చాను, అది ఆయన్ను ఏం చేసిందో చూశాను.

పాడె మలుపు తిరిగింది. ఒక షెడ్డులో సాంచ మొదలైంది, ఆ వెనకే ఇంకొకటి, చూస్తుండగానే వాడంతా ఎప్పటి చప్పుడుతో నిండిపోయింది. నేను ఆ మలుపు వైపు తిరిగి, ముఖం ఎండకు పెట్టి, నీ కథనే మంచిగుంది పెద్దబాపూ అని ఒక్కొక్క మాటా విడివిడిగా, గొంతు లేకుండా, పెదవులతోనే అన్నాను.